అండం ఎవరికి తలుపు తీస్తుంది?

రూబీ డిక్సన్ నవల 'ఐస్ ప్లానెట్ బార్బేరియన్స్' చదివి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. 2015లో వచ్చిన పుస్తకం అది. మంచు గ్రహంలో చిక్కుకుపోయిన జార్జీ అనే భూలోకపు అమ్మాయికీ, వెక్టల్ అనే నీలిరంగు తెగ నాయకుడికీ నడుమ ప్రేమకథ. "ప్రేమ సరే, వాళ్లకు పిల్లలు పుడతారా?" అని ఆవిడ ప్రశ్న. కథ మాటెలా ఉన్నా, నిజానికైతే పుట్టరు. ఎందుకు పుట్టరో చెప్పాలంటే మాత్రం మనిషి అండం దాకా వెళ్లాలి. జీవశాస్త్రంలో నాకు అంతకన్నా ఇష్టమైన చోటు లేదు.

అండంలో 23 క్రోమోజోములు, శుక్రకణంలో 23, రెండూ కలిస్తే పిండం. ఇది బడిలో చదువుకున్నదే. మిల్లీమీటరులో పదోవంతు ఉండే ఆ అండం వచ్చినవాళ్లందరినీ లోపలికి రానివ్వదు. దానికి బయట ఒక ప్రహరీ, లోపల ఒక తలుపు ఉన్నాయి. ప్రహరీ అంటే జోనా పెల్లూసిడా అనే ప్రొటీన్ల పొర. తలుపు అంటే అండం ఒంటిని అంటుకుని ఉండే పల్చటి పొర. రెండింటి తాళాలూ వేరు.

వేరని తెలియడానికి రెండు ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూడాలి. 1976లో హవాయి విశ్వవిద్యాలయంలో ర్యూజో యనగిమాచి, ఎలుకలకు దగ్గరి చుట్టమైన హ్యామ్‌స్టర్ అండాలకు ప్రహరీ తీసేసి, మనిషి శుక్రకణాలను వాటి మీద వదిలారు. అవి నేరుగా లోపలికి వెళ్లిపోయాయి! మనిషికీ హ్యామ్‌స్టర్‌కీ ఉమ్మడి పూర్వీకుడు బతికింది సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట. అయినా తలుపు తెరుచుకుంది. పిండం ఎదగలేదు గానీ, రెండేళ్లకు అదే పద్ధతిలో మనిషి శుక్రకణంలోని క్రోమోజోములను నేరుగా చూడగలిగారు.

ఇక రెండోది. 2012లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థల్లో జురియన్ డీన్ బృందం, ప్రహరీలో మనిషి ప్రొటీన్ ఉండేలా చుంచులను తయారుచేసింది. మనిషి శుక్రకణాలు ఆ ప్రహరీని పట్టుకున్నాయి, దాటాయి, దాటి లోపలి సందులో గుమిగూడాయి. అక్కడే ఆగిపోయాయి. చుంచు అండం తలుపు తెరుచుకోలేదు. చుంచు కూడా మనకు హ్యామ్‌స్టర్ అంత దూరపు చుట్టమే కదా! ఒక చోట ప్రహరీ అడ్డు, తలుపు వరస కుదిరింది. మరో చోట ప్రహరీ వరస కుదిరింది, తలుపు అడ్డు. ఈ రెండు ఫలితాలను కలిపి చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

డీన్ బృందం ప్రయోగం ఇంకో పని కూడా చేసింది. శుక్రకణం పట్టుకునేది జెడ్‌పీ3 అనే ప్రొటీన్ మీది చక్కెరలనని పాఠ్యపుస్తకాలు 1980ల నుంచీ చెబుతూ వచ్చాయి. తీరా మనిషి శుక్రకణానికి కావలసింది జెడ్‌పీ2 అని తేలింది.

తలుపు దగ్గరా అలాంటి పొరపాటే జరిగింది. శుక్రకణం మీద ఉండే తాళంచెవి ప్రొటీన్‌ను 2005లో జపాన్ శాస్త్రవేత్తలు కనుక్కుని, పెళ్లి సంబంధాలు కుదిర్చే దేవుడున్న గుడి పేరు మీద ఇజుమో అన్నారు. అండం వైపు దాని జత దొరకడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. బ్రిటన్‌లోని సాంగర్ సంస్థలో ఎన్రికా బియాంకీ, గావిన్ రైట్‌లు 2014లో పట్టుకున్న ఆ ప్రొటీన్ కొత్తదేమీ కాదు. రూపం చూసి, ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకునే ప్రొటీన్లలో నాలుగోదని ఎప్పుడో జాబితాలో రాసేశారు. నిజానికి అది ఫోలిక్ ఆమ్లాన్ని పట్టుకోనే పట్టుకోదు! ఇప్పుడు దాని పేరు జూనో. ఒక శుక్రకణం లోపలికి వెళ్లిన నలభై నిమిషాల్లో చుంచు అండం తన జూనోనంతా విదిల్చేసుకుంటుంది. వెనక వచ్చినవాళ్లకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. హ్యామ్‌స్టర్ జూనో మనిషి ఇజుమోను పట్టుకోగలదని మరుసటి ఏడు అదే ప్రయోగశాల చూపించింది. యనగిమాచి చూసిన వింతకు కారణం దొరకడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టిందన్నమాట.

ఇక వెక్టల్ సంగతి. ఇజుమో, జూనోల వంపులు ఒకదానికొకటి అతకడం ఉమ్మడి వంశం ఇచ్చిన ఆస్తి. వేరే గ్రహంలో వేరుగా పుట్టిన జీవికి అందులో వాటా ఎక్కడిది? 'స్టార్ ట్రెక్' సీరియల్‌లో సగం మనిషి, సగం వల్కన్ గ్రహవాసి అయిన స్పాక్‌ను చూసి ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ విసుక్కున్నారు. అంతకన్నా మనిషికీ ఆర్టిచోక్ అనే ముళ్ల మొక్కకూ సంకరం కుదిరే అవకాశమే ఎక్కువన్నారు. అక్షరాలా నిజం, ఆర్టిచోక్ మనకు చుట్టమే. జన్యువులను మూడేసి అక్షరాలుగా చదివే లిపి దానికీ మనకూ ఒకటే. వెక్టల్ కణాన్ని సూదితో అండంలోకి దించినా, దాన్ని చదవగలిగే లిపి అక్కడ ఉండదు. డిక్సన్ ఈ చిక్కును గుర్తించి, శరీరంలో చేరి జత కుదిర్చే ఖుయ్ అనే జీవిని కల్పించారు. అందుకు ఆవిడను మెచ్చుకుంటాను. చాలామంది రచయితలకు ఆ చిక్కే తట్టలేదు.

దీనివల్ల ఉపయోగమేమిటని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. శుక్రకణాల సత్తా తేల్చడానికి హ్యామ్‌స్టర్ పరీక్షను సంతాన సాఫల్య కేంద్రాలు కొన్నేళ్లు వాడాయి. 1992లో ప్రకటించిన ఇక్సీ అనే పద్ధతిలో శుక్రకణాన్ని సూదితో నేరుగా అండంలోకి ఎక్కిస్తారు, దాంతో తలుపుతో పని లేకుండా పోయింది. ఎందరో తండ్రులయ్యారు, మంచిదే. ఆ తలుపు ఎందుకు తెరుచుకోలేదని ఆరా తీసేవాళ్లు మాత్రం తగ్గిపోయారు. ఇజుమో, జూనోల పట్టు విడదీస్తే హార్మోన్లు లేని గర్భనిరోధకం వస్తుందన్న ఆశ ఒకటి ఉంది. వస్తే రానివ్వండి. ఇంత అందమైన పనికి డబ్బు అడగాలంటే ముందు ఆ మాటే రాయాల్సి రావడం నాకు నచ్చదు.