వెనక చక్రం బలం పుల్లల బిగువులో ఉంది

జహీరాబాద్ చుట్టుపక్కల నేల చాలాచోట్ల లాటరైట్ (ఇనుము ఎక్కువగా ఉండే ఎర్రని రాతినేల). పొరుగున ఉన్న బీదర్ కోట కట్టడానికి కూడా ఆ రాయి వాడారు. 65వ నంబరు జాతీయ రహదారి దిగి ఝరాసంగం వైపో, కోహీర్ వైపో పొలాల బాట పట్టిన సైకిల్‌కు గులకరాళ్లు, ట్రాక్టర్ చక్రాల గాడులు, వానాకాలంలో ఎర్రబురద తప్పవు. లావు టైర్ల మౌంటెన్ బైకులు పుట్టింది ఇలాంటి దారుల కోసమే. అయినా తక్కువ ధర సైకిళ్లలో వెనక చక్రమే ముందుగా పాడవుతుంది.

సీటు వెనక చక్రానికి దగ్గరగా ఉంటుంది. కాబట్టి మనిషి బరువులో సగానికి మించి దాని మీదే పడుతుంది. చైన్ లాగుడు కూడా దానికే. మన పాత పెద్ద సైకిళ్లు చేసినవారికి ఈ సంగతి తెలుసు. అందుకే వాటికి ముందు చక్రానికి 32 పుల్లలు (స్పోకులు), వెనక చక్రానికి 40 పుల్లలు ఉండేవి.

పుల్లలన్నీ ముందే లాగి బిగించి ఉంటాయి. బరువు పడగానే, ఆ క్షణాన నేల వైపు ఉన్న కొన్ని పుల్లల బిగువు తగ్గుతుంది. అవి పైకి వెళ్లగానే మళ్లీ పెరుగుతుంది. 26 అంగుళాల చక్రం ఒక చుట్టుకు 2 మీటర్ల పైచిలుకు నడుస్తుంది. అంటే 10 కిలోమీటర్ల ప్రయాణంలో ఒక్కో పుల్ల దాదాపు 4,800 సార్లు సడలి బిగుస్తుంది. చాలా పుల్లలు రాయి తగిలి విరగవు. ఈ అలసటతో, హబ్ (ఇరుసు చుట్టూ తిరిగే నడిమి భాగం) దగ్గరి వంపులో తెగుతాయి. జోబ్స్ట్ బ్రాంట్ అనే అమెరికన్ ఇంజనీరు 1981లో సైకిల్ చక్రం మీదే ఒక పుస్తకం రాసి ఈ లెక్కంతా విడమరిచాడు.

పుల్లలు వదులుగా ఉంటే చక్రానికి మెత్తదనం వస్తుందని కొందరు అనుకుంటారు. జరిగేది వేరు. బిగువు చాలని పుల్ల, గుంత వచ్చినప్పుడు పూర్తిగా సడలిపోతుంది. దాని నిపుల్ (రిమ్ము దగ్గర పుల్లను పట్టి ఉంచే చిన్న మర) తిరిగి ఇంకా వదులవుతుంది. ఆ భారం పక్క పుల్లల మీద పడుతుంది, రిమ్ము వంకరపోతుంది. వెనక చక్రంలో ఇంకో చిక్కు కూడా ఉంది. కుడివైపు పళ్లచక్రాలకు చోటు కావాలి కాబట్టి అటు పుల్లలు నిటారుగా నిలుస్తాయి. రిమ్ము నడిమధ్యన నిలవాలంటే కుడి పుల్లలు గట్టిగా, ఎడమ పుల్లలు వాటికన్నా బాగా తక్కువగా బిగించాలి. మొత్తం బిగువే చాలకపోతే ముందు దెబ్బతినేది ఎడమవైపే.

రెండో బలహీనత ఇరుసుది. చవక గేర్ సైకిళ్లలో ఫ్రీవీల్ (తొక్కనప్పుడు చక్రాన్ని స్వేచ్ఛగా తిరగనిచ్చే పళ్లచక్రాల గుత్తి) హబ్‌కు మరతో ఎక్కుతుంది. అప్పుడు కుడివైపు బేరింగ్ గుండ్లు ఫ్రేముకు దూరంగా లోపలికి ఉండిపోతాయి. ఆ మధ్య భాగంలో ఇరుసుకు ఆధారం ఉండదు కాబట్టి వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. ఫ్రీహబ్‌లో (స్వేచ్ఛగా తిరిగే ఏర్పాటు హబ్‌లోనే ఉండే రకం) గుండ్లు ఫ్రేము అంచుకు చేరువగా వస్తాయి. షిమానో కంపెనీ 1978లో దీన్ని తెచ్చింది. దీనికి మారితే క్యాసెట్ (హబ్ మీదికి తొడిగి బిగించే పళ్లచక్రాలు) కూడా కొనాలి. ఆ ఖర్చు వృథా కాదని నా నమ్మకం. 7 గేర్ల సైకిల్‌కు 8 గేర్ల ఫ్రీహబ్ దొరికినా ఫర్వాలేదు. 4.5 మిల్లీమీటర్ల వాషర్ వేస్తే 7 గేర్ల క్యాసెట్ దాని మీద కూర్చుంటుంది.

కొత్త చక్రం కొనేముందు కొలతలు చూడాలి. 26 అంగుళాలు అన్నంత మాత్రాన సరిపోదు. మౌంటెన్ బైక్ టైరు మీద 559 (టైరు రిమ్ము మీద కూర్చునే చోటి వ్యాసం, మిల్లీమీటర్లలో) అని ఉంటుంది. మామూలు సైకిళ్లలో 26 అంగుళాలనే పిలిచే మరో రకం 590. ఒకదాని టైరు ఇంకోదాని రిమ్ముకు పట్టదు. వెనక ఫ్రేము సందు ఎక్కువగా 135 మిల్లీమీటర్లు ఉంటుంది, అయినా కొలవడం మంచిది. డిస్క్ బ్రేకు ఉంటే హబ్‌కు డిస్క్ బిగించే చోటు ఉండాలి.

డబ్బు తక్కువైతే తేలికదనానికీ పేరుకూ పెట్టకండి. రెండు గోడల అల్యూమినియం రిమ్ము, 36 రంధ్రాలు, స్టెయిన్‌లెస్ పుల్లలు చాలు. మిగిలింది పనివాడి చేతికి ఇవ్వండి. రెడీమేడ్ చక్రమైనా బిగువు సరిచేయించాకే ఎక్కించుకోండి. కుడివైపు పుల్లలను ఒక్కొక్కటిగా వేలితో మీటితే ఇంచుమించు ఒకే శబ్దం రావాలి, ఎడమవి తమలో తాము ఒకేలా మోగాలి. బిగించాక పక్కపక్క పుల్లలను జతలుగా పట్టి గట్టిగా నొక్కమనండి. వంపుల్లో మిగిలిన ఒత్తిడి అప్పుడు తగ్గుతుంది. కొన్ని వారాలు తొక్కాక మళ్లీ ఒకసారి చూపించాలి.

ఒక పుల్ల తెగితే అదొక్కటే మార్చుకోవచ్చు. వరసగా రెండోదీ మూడోదీ తెగితే మిగతావీ అంతే అలసి ఉన్నాయని అర్థం. అప్పుడు రిమ్ము, హబ్ బాగుంటే వాటినే ఉంచి పుల్లలన్నీ కొత్తవి వేయించడం కొత్త చక్రం కన్నా చవక కావచ్చు.