అర డాలరు దావా

పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరుని దర్శనం చేసుకోని తెలుగు కుటుంబం ఈ తూర్పు రాష్ట్రాలలో అరుదు. ఆ కొండ దిగి ఊళ్ళోకి వెళితే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వస్తుంది. పిల్లలకు అక్కడ సీటు రావాలని ఆ కొండమీదే మొక్కుకున్నవాళ్ళు మనలో లేకపోలేదు. ఆ విశ్వవిద్యాలయం వేసిన ఒక దావా సంగతి ఈ నెల చెప్పుకుందాం.

1990లలో అక్కడ హోసే మౌరా అనే ఆచార్యుని దగ్గర అలెగ్జాండర్ కావ్‌చిచ్ అనే బెల్‌గ్రేడ్ కుర్రవాడు పిహెచ్.డి. చేస్తున్నాడు. వాళ్ళు పట్టుకున్న సమస్య హార్డ్ డిస్కుది. డిస్కు మీద అయస్కాంతపు గుర్తులను దగ్గరదగ్గరగా ఇరికించేకొద్దీ చదివేటప్పుడు రొద ఎక్కువవుతుంది. ఆ రొద అన్నిచోట్లా ఒకేలా ఉండదు, పక్కపక్కన ఏ గుర్తులు రాసి ఉన్నాయన్నదాన్ని బట్టి మారుతుంది. పెళ్ళిపందిట్లో మేళం ఎప్పుడు హోరెత్తుతుందో తెలిసినవాడికి పక్కవాడి మాట పోల్చుకోవడం కొంత సులువు కదా! అలాగే ఆ రొద తీరును లెక్కగట్టి అసలు గుర్తును పోల్చే పద్ధతి కనిపెట్టారు. 2001లోనూ 2002లోనూ రెండు పేటెంట్లు వచ్చాయి, విశ్వవిద్యాలయం పేరిట.

డిస్కులకు చిప్‌లు తయారుచేసే మార్వెల్ కంపెనీకి 2003లో విశ్వవిద్యాలయం ఉత్తరాలు రాసింది. జవాబు లేదు. 2009లో కోర్టుకెక్కింది. మార్వెల్‌ను స్థాపించినది ఇండొనేషియా నుంచి వచ్చిన అన్నదమ్ములు, వారిలో ఒకరి భార్య అయిన చైనా ఆవిడ. ఇరుపక్షాలలోనూ మనలాంటి పరదేశులే!

మా పద్ధతి వేరు, పైగా ఈ ఊహ ముందే ఉన్నదేనని కంపెనీ వాదించింది. కాని వాళ్ళ ఇంజనీర్లు రాసుకున్న ప్రోగ్రాముకు కావ్‌చిచ్ పేరే పెట్టుకున్నారు. జ్యూరీ ముందు దానికి సంజాయిషీ చెప్పుకోవడం కష్టమే. 2012 డిసెంబరు 26న తీర్పు వచ్చింది. సుమారు 234 కోట్ల చిప్‌లు, చిప్‌కు అర డాలరు, వెరసి 117 కోట్ల డాలర్లు. జడ్జి మరికొంత జరిమానా, వడ్డీ కలిపేసరికి 154 కోట్లయింది.

అసలు చిక్కు అప్పీలులో వచ్చింది. చిప్‌లకు రూపకల్పన కాలిఫోర్నియాలో జరిగింది, తయారీ ఆసియాలో. చాలా చిప్‌లు అమెరికా గడ్డ తొక్కనేలేదు. అమెరికా పేటెంటు అమెరికాలోనే చెల్లుతుంది. మరి అవి ‘అమ్ముడుపోయింది’ ఎక్కడ? బేరం కుదిరినచోటా, సరుకు చేతికిచ్చినచోటా? 2015 ఆగస్టులో అప్పీలు కోర్టు జరిమానా కొట్టేసి, ఈ దేశంలోకి దిగుమతైన చిప్‌ల వరకు సుమారు 27 కోట్ల 80 లక్షల డాలర్లు ఖాయం చేసింది. మిగతావాటి మీద మళ్ళీ విచారణ జరపమంది. అది జరగలేదు. 2016 ఫిబ్రవరిలో 75 కోట్ల డాలర్లకు రాజీ పడ్డారు.

అందులో పెద్దవాటా ఆవిష్కర్తలకు అందింది, విశ్వవిద్యాలయం నియమం అటువంటిది. కంపెనీలలో పనిచేసే మన సంగతి వేరు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నేను చదవకుండా సంతకం పెట్టిన కాగితాలలో ఒకటి, ఇకపై నేను కనిపెట్టేదంతా యజమానిదే అన్న ఒప్పందమని ఏడేళ్ళ తర్వాత తెలిసింది. మీ కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో?

కావ్‌చిచ్ తర్వాత స్వదేశం సెర్బియాలో తన పేర ఒక ఫౌండేషన్ పెట్టి, బడిపిల్లలకు పాఠ్యపుస్తకాలు ఉచితంగా అందించే పనికి పూనుకున్నాడు.