కరోనా జ్వరము తరువాత వృద్ధులలో మధుమేహము

పంట యింటికి వచ్చినంతమాత్రమున రైతు నిశ్చింతగా నుండడు. గాదెలో పోసిన ధాన్యమునకు పురుగు పట్టకుండ నప్పుడప్పుడు తీసి చూచుకొనుచునే యుండును. జ్వరము తగ్గి యిల్లు చేరిన వృద్ధుని దేహము విషయమునను అట్టి జాగ్రత్తయే కావలెను. కరోనా వ్యాధినుండి కోలుకొన్న పెద్దలలో కొందఱకు, అంతకుముందెన్నడును లేని మధుమేహము క్రొత్తగా కనబడుచున్నది. ఇది మన సంఘ సభ్యులందఱును తెలిసికొనదగిన సంగతి గావున నిచ్చట వివరించుచున్నాము.

మనము తిను అన్నము జీర్ణమై చక్కెరగా మాఱి రక్తములో గలియును. ఆ చక్కెర కండలలోనికి బోయి శక్తి నిచ్చుటకు ఇన్సులిన్ అను రసము కావలెను. దీనిని క్లోమగ్రంథి యిచ్చును. కాలువ నిండ నీరున్నను తూము తెఱవనిదే మడి తడియదు గదా. ఇన్సులిన్ అట్టి తూమును తెఱచునది. అది చాలకున్నను, దేహము దానికి లోబడకున్నను చక్కెర రక్తములోనే నిలిచి, మితిమీఱినప్పుడు మూత్రముతో బయలువెడలును. ఇదియే మధుమేహము.

కరోనాకును దీనికిని గల సంబంధము పలువిధములు. జ్వరము తీవ్రమైనప్పుడు రోగముతో పోరాడుటకై దేహము విడుచు కొన్ని రసములు ఇన్సులిన్ పనిని అడ్డగించును. రెండవది స్టెరాయిడ్ మందు. డెక్సామెథసోన్ అను స్టెరాయిడ్, ప్రాణవాయువు నందింపవలసివచ్చిన రోగులలో మరణములను తగ్గించుచున్నదని ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు పరిశోధకులు 2020 జూన్ నెలలో ప్రకటించిరి. ప్రాణవాయువు అక్కరలేనివారికి మాత్రము దానివలన మేలు కనబడలేదు. ప్రాణము నిలుపు నీ మందే రక్తములో చక్కెరను పెంచును గావున వైద్యుని యాజ్ఞలేక దీనిని వాడరాదు. కరోనా సూక్ష్మజీవి ఇన్సులిన్ నిచ్చు కణములనే నేరుగా చెఱచునని కొందఱందురు; ఈ విషయమున పండితులలో ఏకాభిప్రాయము కుదురలేదు. ఇక కొందఱికి మధుమేహము ముందే యుండి, ఆసుపత్రిలో రక్తము పరీక్షించినప్పుడు మొదటిసారి బయటపడినది.

ఇది కేవలము ఊహ కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ పరిశోధకులు మాజీ సైనికుల వైద్యశాలల లెక్కలను పరిశీలించి 2022 మార్చి నెలలో ప్రకటించిరి. కరోనా సోకిన 1,80,000 మందికి పైగా జనులను సోకనివారితో పోల్చిచూడగా, సోకినవారికి ఒక యేడాదిలో మధుమేహము కలుగు అపాయము నూటికి 40 వంతులు హెచ్చుగా నుండెను. వేయిమందికి సుమారు 13 మంది అదనముగా నీ వ్యాధి పాలైరి. వ్యాధి తీవ్రమైనకొలది అపాయమును హెచ్చెను.

మన దేశమున 2021లో వచ్చిన రెండవ తాకిడిలో మఱియొక పాఠము నేర్చుకొంటిమి. చక్కెర అదుపు తప్పినవారికి, స్టెరాయిడ్లు వాడినవారికి నల్లబూజు వ్యాధి పట్టి కన్నులును ప్రాణములును హరించినది. ఆ యేడు మే నెలలో తెలంగాణ ప్రభుత్వము ఈ వ్యాధి కనబడిన వెంటనే ఆసుపత్రులు తెలుపవలెనని శాసించినది.

వృద్ధులలో ఈ వ్యాధిని గుర్తించుట కష్టము. రాత్రి నాలుగైదు మారులు మూత్రమునకు లేచుట ముసలితనమనియు, నీరసము కరోనా మిగిల్చిన బడలికయనియు, ఒడలు చిక్కుట తిండి సహింపకపోవుట వలననియు ఇంటివారు సరిపెట్టుకొందురు. వయసు మీఱినకొలది దాహము సరిగా తెలియదు గావున నొంటిలోని నీరు తగ్గిపోవుచున్నను వారు నీళ్లడుగరు. చక్కెర మిక్కిలి పెరిగినచో మతి తప్పి, మాట తడబడి, స్పృహ కోల్పోవుదురు. అట్టి స్థితిలో క్షణము జాగు చేయక ఆసుపత్రికి గొనిపోవలెను. చెప్పులులేక చేనిలో తిరుగు పెద్దలకు కాలి స్పర్శ మందగించి, ముల్లు గ్రుచ్చుకొన్న గాయము మానక పుండైన యెడల కాలే తీయవలసి వచ్చును. అప్పుడా కుటుంబము మోయు ఋణభారము ఎకరము నమ్మినను తీరకపోవచ్చును. వేళకు చేయించుకొన్న పరీక్ష దానిముందెంత?

పరగడుపున నూరు మిల్లీలీటర్ల రక్తములో చక్కెర 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని యున్నచో మధుమేహమని శంకింపవలెను. సాధారణముగా మఱియొక పరీక్షతో దానిని రూఢి చేసికొందురు. గడచిన రెండుమూడు నెలల సగటును తెలుపు హెచ్‌బిఏ1సి పరీక్షలో 6.5 శాతము మేరగా నెంచుదురు. జ్వరముతో నున్నప్పుడు చక్కెర హెచ్చినను ఈ సగటు తక్కువగా నున్నచో, వ్యాధి యిటీవలిదని వైద్యుడు తలంచుట కవకాశము గలదు.

నిరాశ చెందవలసిన పనిలేదు. బోస్టను నగరములోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో కరోనాతో చేరినప్పుడు క్రొత్తగా మధుమేహము బయటపడి బ్రతికినవారిలో, సుమారు నూటికి 40 మందికి తరువాతి కాలమున చక్కెర మధుమేహపు మేరకు దిగువకు వచ్చినట్లు 2022లో వెల్లడియైనది. కావుననే మరల మరల పరీక్ష అవసరము. చక్కెర తగ్గినను పాత మోతాదు ఇన్సులినే వాడుచున్నచో అది మితిమీఱి పడిపోయి, చెమటలు పట్టి, సొమ్మసిల్లుదురు. చక్కెర తగ్గకున్నను మందు మానినచో హాని వేఱొక త్రోవను వచ్చును. రెండింటికిని వైద్యుని సలహాయే శరణ్యము. రాగిసంకటి తిన్నంతనే చక్కెర తగ్గునని గాని, ఆకురసము త్రాగి మందు మానవచ్చునని గాని నమ్మరాదు. మితాహారము, కూరగాయలు, పప్పులు, ప్రతిదినము కొంతసేపు నడక మేలు చేయును.

సభ్యులకు మా విన్నపమిది. మీ యింట కరోనా సోకిన వృద్ధులున్నచో, అది ఎన్నడో గడచిన సంగతియైనను, ఒకసారి రక్తపరీక్ష చేయింపుడు. 30 సంవత్సరములు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఈ పరీక్ష చేయు ఏర్పాటు గలదు. గ్రామములోని ఆశా కార్యకర్త నడిగినచో వివరములు చెప్పును. సంఘపు సమావేశ దినముననే ఆరోగ్య సిబ్బందిని రప్పించినచో నడువలేని పెద్దలకును సులభమగును. మనలను పెంచి భూమి నప్పగించిన పెద్దలకు ఈ మాత్రము చేయుట మన విధి.