జమకాని పద్దులు

బ్యాంకులో ముప్ఫై ఏళ్ళుగా లెక్కలు చూస్తున్నవాణ్ణి. బి.కాం. చదువు నాది. సాహిత్యం గురించి మాట్లాడే అర్హత నాకు లేదని ముందే ఒప్పుకుంటున్నాను. అయినా ఒక పుస్తకం చరిత్ర తెలిశాక నాకో సందేహం కలిగింది. ఖాతాలో పద్దు లేనంత మాత్రాన డబ్బు కట్టలేదని అర్థమా? కట్టించుకున్న గుమాస్తా రాయకపోయి ఉండవచ్చు కదా! "పాతకాలంలో మన ఆడవాళ్ళు రాసిందేముంది?" అని మనం అలవాటుగా అనే మాట కూడా ఇలాంటిదే.

ఆ పుస్తకం 'రాధికా సాంత్వనము'. రాసినది ముద్దుపళని. ఇది కృష్ణా గోదావరీ తీరాల్లో పుట్టిన కావ్యం కాదు, తంజావూరులో పుట్టింది. అక్కడ 1739 నుంచి 1763 దాకా పాలించిన మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థాన కవయిత్రి ఆమె. రాధ తాను పెంచిన ఇళాదేవిని తానే కృష్ణుడికి కట్టబెట్టి, ఆపైన అసూయతో, విరహంతో కుమిలిపోతుంది. కృష్ణుడు వచ్చి ఆమెను ఓదారుస్తాడు. అలిగిన స్త్రీ మనసునూ, కోరికనూ ఒక స్త్రీయే చెప్పడం ఇందులో విశేషం.

1887లో ఈ కావ్యం అచ్చయింది. అయితే కొన్ని పద్యాలూ, కవయిత్రి తన గురించీ తన ఇంటి ఆడవాళ్ళ గురించీ చెప్పుకున్న పీఠికా అందులో లేవు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ కవుల చరిత్రలో ఆమె పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, స్త్రీ రాయదగని పద్యాలు రాసిందని మందలించారు. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన మహానుభావుడాయన. ఆడపిల్లల చదువుకోసం అంత పాటుపడిన వారికే ఇది మింగుడుపడలేదంటే, ఇక మామూలు మనుషుల సంగతి చెప్పాలా?

అప్పుడు ముందుకు వచ్చారు బెంగుళూరు నాగరత్నమ్మగారు. 1878లో మైసూరు సంస్థానంలోని నంజనగూడులో పుట్టిన గాయని. చేతివ్రాత ప్రతి సంపాదించి, పూర్తి కావ్యాన్ని పరిష్కరించి, 1910లో మద్రాసు వావిళ్ల వారిచేత అచ్చువేయించారు. మగకవులు ఇంతకుమించిన శృంగారం రాస్తే లేని తప్పు ఆడది రాస్తేనే ఎందుకు వచ్చిందని పీఠికలో సూటిగా అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం రాలేదు కాని, మరుసటి సంవత్సరం పోలీసులు వచ్చి పుస్తకాలు పట్టుకుపోయారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి చొరవతో నిషేధం తొలగడానికి మూడు దశాబ్దాలు దాటింది. 1952లో వావిళ్ల వారు మళ్ళీ అచ్చువేశారు. నాగరత్నమ్మగారు కన్నుమూసింది కూడా ఆ ఏడాదే.

తిరువయ్యారు ఆరాధనకు వెళ్ళే మన కుటుంబాలు ఎన్నో. త్యాగరాజస్వామి సమాధి మీద ఆలయం కట్టించింది ఆవిడే. అయినా ఆ ఉత్సవంలో ఆడవాళ్ళు పాడకూడదన్నారు. ఆవిడ 1927లో స్త్రీలచేతే వేరుగా ఆరాధన జరిపించారు. 1940 నాటికి వర్గాలన్నీ ఏకమై, అందరూ కలిసి పాడే రోజు వచ్చింది. ఈసారి వెళ్ళినప్పుడు సమాధికి ఎదురుగా ఉన్న ఆవిడ విగ్రహానికి కూడా నమస్కరించండి.

ఆ తరవాత కాలం మారింది. మద్రాసులో భానుమతిగారు 1953లో 'చండీరాణి'ని మూడు భాషల్లో స్వయంగా డైరెక్టు చేశారు. యద్దనపూడి సులోచనారాణిగారి నవల 'మీనా'ను 1973లో విజయనిర్మలగారు సినిమాగా తీశారు. వారపత్రికల సీరియల్స్ కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసిన రోజులవి. అయినా 1955లో మొదలైన కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెలుగులో ఒక రచయిత్రికి అందింది 1982లో, ఇల్లిందల సరస్వతీదేవిగారికి. ఇరవయ్యేడేళ్ళు! లెక్క చూసేవాడికి ఈ అంకె ఒక్కటి చాలు.

ఇతరులను అనే ముందు నా తప్పు కూడా చెప్పాలి. మాది హోసూరు దగ్గర పల్లె. మా తాతగారి దుకాణం చిట్టాలో ముందు పేజీల్లో ఆయన లెక్కలుంటే, వెనక పేజీల్లో మా నాయనమ్మ పెన్సిల్‌తో రాసుకున్న పాటలుండేవి. కొన్ని ఎవరివో విని రాసుకున్నవి, కొన్ని సొంతంగా కట్టినవి. ఇల్లు అమ్మేటప్పుడు దస్తావేజులన్నీ జాగ్రత్తగా ఫైలు చేశాను. చిట్టాలను మాత్రం పాతకాగితాలవాడికి తూకానికి వేశాను. మా మేనత్త వచ్చి, "అమ్మ పాటలేవిరా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆవిడకు గుర్తున్న రెండు పాటలు ఆ సాయంత్రమే రాసుకున్నాను. మిగిలింది అంతే.

అందుకే నా మనవి. మీ ఇంట్లో అమ్మగారివో, అత్తగారివో నోటుపుస్తకాలుంటే, కన్నడ లిపిలో ఉన్నా, తమిళ లిపిలో ఉన్నా పారేయకండి. పైన వారి పేరు, ఊరు, సంవత్సరం రాయండి. రాయడం రానివారైతే, వారు పాడుతుండగా మీరే రాసుకోండి.