విసిరే చేతికి వెల ఎంత?

1964వ సంవత్సరం జూన్ 15వ తేదీ. అమెరికాలోని చికాగో నగరంలో బేస్‌బాల్ అభిమానులకు ఆ రోజు పండుగ. వారి ‘కబ్స్’ జట్టు, సెయింట్ లూయిస్ ‘కార్డినల్స్’ జట్టుతో ఒక బేరం కుదుర్చుకున్నది. వచ్చినవాడు ఎర్నీ బ్రోలియో. వయస్సు 28, పిచ్చరు, 1960లో 21 ఆటలు, 1963లో 18 ఆటలు నెగ్గిన మొనగాడు. పోయినవాడు లూ బ్రాక్. ఇంకా పాతికేళ్లు నిండని కుర్రవాడు. కాళ్లలో చురుకున్నా బ్యాటు పట్టడం అంతంతమాత్రమే. వీరితోపాటు అటూ యిటూ మరి నలుగురు మారారుగాని వారి సంగతి ఎవరికీ పట్టలేదు. గోరంత యిచ్చి కొండంత తెచ్చుకున్నామని చికాగోవారు మురిసిపోయారు.

నాలుగు నెలలు తిరిగాయి. కొత్త జట్టులో బ్రాక్ చెలరేగిపోయాడు. అక్టోబరులో కార్డినల్స్ ఏకంగా వరల్డ్ సిరీస్ గెలిచేశారు. బ్రాక్ 1979లో ఆట చాలించేనాటికి 3,023 హిట్లు, 938 దొంగ పరుగులు అతని ఖాతాలో వున్నాయి. దొంగ పరుగంటే తప్పుడు పని కాదు. పిచ్చరు కన్నుగప్పి ఒక బేసు నుంచి మరో బేసుకు దూకడం. మరి బ్రోలియో? చికాగో తరఫున మూడేళ్లలో గెలిచినవి 7, ఓడినవి 19. 1966 తరువాత పెద్ద ఆటలలో అతని పేరే వినిపించలేదు.

ఇంత తలపండిన వ్యాపారులు అంత దెబ్బ ఎలా తిన్నారు? అసలు ఒక పిచ్చరుకు వెల కట్టడం ఎలాగ?

పిచ్చరంటే ఎవరు?

క్రికెట్టు చూసే మన యిళ్లలో ఈ సంగతి చెప్పడం కష్టం కాదు. పిచ్చరు మన బౌలరుకు వరుసకు అన్నగారు. అరవై అడుగుల ఆరంగుళాల దూరం నుంచి, బంతిని నేలకు తాకించకుండా నేరుగా బ్యాటు పట్టినవాడి మీదికి విసురుతాడు. ఆటను మొదలుపెట్టేవాడిని స్టార్టరంటారు. ఏడాదికి ఒక్కో జట్టు 162 ఆటలాడాలి. అన్ని ఆటలూ ఒక్కడే విసిరితే చెయ్యి వూడి వస్తుంది. అందుచేత ఈనాడు అయిదుగురు స్టార్టర్లను పెట్టుకుని వంతులవారీగా దింపుతారు. ఒక్కొక్కడికి ఏడాదికి సుమారు ముప్పై ఆటలు. అవి ముప్పయ్యే అయినా, ఆ రోజు జట్టు భారమంతా అతని భుజం మీదే వుంటుంది.

అమెరికా జట్లు ఆటగాళ్లను డబ్బుకు కొనడం తక్కువ. మనిషికి మనిషిని మార్చుకోవడమే ఎక్కువ. పల్లెలో వడ్లు పోసి కూరగాయలు తీసుకున్నట్టే అనుకోండి. ఐతే వడ్లకు మానిక వున్నది. మనిషికి ఏ కొలతపాత్ర పెట్టాలి?

గెలుపులు చూసి మోసపోవద్దు

బ్రోలియో విషయంలో చికాగోవారు చూసినది గెలుపుల లెక్క. అది కంటికి నదరుగా వుంటుంది. కాని ఆట గెలవాలంటే పిచ్చరు ఒక్కడు చాలడు. అతని జట్టువారు పరుగులు కూడా తియ్యాలి గదా! 2018లో న్యూయార్క్ ‘మెట్స్’ జట్టు పిచ్చరు జేకబ్ డిగ్రోమ్ తొమ్మిది ఇన్నింగ్సులకు సగటున 1.70 పరుగులు మాత్రమే యిచ్చాడు. అయినా అతనికి దక్కిన గెలుపులు 10, ఓటములు 9. వంట దివ్యంగా చేసినా, వడ్డించేవాళ్లు విస్తళ్లు తేకపోతే వంటవాడేం చేస్తాడు? తెలిసినవారు మాత్రం ఆ ఏటి ఉత్తమ పిచ్చరు బహుమతిని, అంటే సై యంగ్ అవార్డును, అతనికే యిచ్చారు.

కనుక బేరగాళ్లు యిప్పుడు మూడు అంకెలు చూస్తారు. తోటివారి పొరపాట్లతో వచ్చిన పరుగులు మినహాయించి తొమ్మిది ఇన్నింగ్సులకు ఎన్ని యిచ్చాడు? ఎంతమందిని తన బలంతోనే, అంటే స్ట్రైకౌట్లతో పంపించాడు? గురి తప్పిన బంతులతో ఎంతమందికి ఊరకే మొదటి బేసు ధారపోశాడు? ఈ మూడో తప్పును ‘వాక్’ అంటారు.

ఐతే అంకెలు కూడా ఒక్కొక్కప్పుడు సగం కథే చెబుతాయి. 1971లో మెట్స్ జట్టులో నోలన్ రయన్ అనే టెక్సాస్ కుర్రవాడుండేవాడు. బంతి పిడుగులా వచ్చేది; ఎక్కడికి వచ్చేదో అతనికే తెలియదు. ఆ ఏడు 152 ఇన్నింగ్సులలో 116 వాకులు! విసుగెత్తిన మెట్స్, అతనితోపాటు మరి ముగ్గురిని కాలిఫోర్నియా ‘ఏంజెల్స్’కు యిచ్చి జిమ్ ఫ్రెగోసీ అనే పేరున్న ఆటగాణ్ణి తెచ్చుకున్నారు. మరుసటి ఏడే రయన్ 329 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 1973లో 383 మందిని. 46వ ఏట ఆట మానేనాటికి ఆ లెక్క 5,714. ఇప్పటికీ దాన్ని మించినవారు లేరు. వేగం పుట్టుకతో వస్తుంది, గురి నేర్పితే వస్తుంది. మెట్స్ ఆ రెంటికీ వున్న తేడా మరచిపోయారు.

మోచేతిలో దాగిన రహస్యం

సంతలో ఎడ్లు కొనే రైతు పళ్లు చూస్తాడు, నడిపించి చూస్తాడు, కాడి కట్టి చూస్తాడు. పిచ్చరు విషయంలో చూడవలసినది మోచెయ్యి, భుజం. వందలసార్లు బలమంతా పెట్టి విసిరే చెయ్యి లోలోపల అరుగుతుంది, పైకి కనిపించదు. బ్రోలియో చెయ్యి బేరానికి ముందే నొప్పిగా వుండేదట. తరువాత అతనే చెప్పాడు. ఆ 1964 ఆఖరులోనే మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. చికాగోవారు కొన్నది నిన్నటి గెలుపులను. వారికి కావలసినది రేపటి చెయ్యి.

ఆ రోజుల్లో మోచేతి లిగమెంటు తెగితే పిచ్చరు బతుకు తెల్లవారినట్టే. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఒక సాహసం చేశాడు. టామీ జాన్ అనే పిచ్చరుకు మరో చేతినుంచి స్నాయువు తీసి, పాడైన మోచేతికి అతికాడు. ఆ టామీ జాన్ తిరిగి వచ్చి 1989 దాకా ఆడాడు. శస్త్రచికిత్స తరువాతే 164 ఆటలు నెగ్గాడు. నేడు ఆ చికిత్స అతని పేరుతోనే చలామణీ అవుతున్నది.

అందుచేత ఇప్పుడు బేరం ఖాయం చేసేముందు వైద్యుల కాగితాలు చూడనిదే ముందుకు కదలరు. తల్లివైపున భారతీయ సంతతికి చెందిన కుమార్ రాకర్ సంగతే చూడండి. 2021లో ఈ యువక పిచ్చరును మెట్స్ పదవ స్థానంలో ఎంచుకుని, తీరా వైద్యపరీక్ష తరువాత చెయ్యి మీద అనుమానంతో ఒప్పందం మానుకున్నారు. ఏడాది తిరిగేసరికి టెక్సాస్ ‘రేంజర్స్’ అదే కుర్రవాణ్ణి మూడవ స్థానంలో తీసుకున్నారు. 2023లో మోచేతికి ఆ టామీ జాన్ చికిత్స జరగనే జరిగింది. 2024 సెప్టెంబరులో పెద్ద ఆటలలో అడుగు పెట్టనూ పెట్టాడు. ఒకే చెయ్యి, ఒకరికి భయం, మరొకరికి ఆశ.

ఎన్నేళ్లు మనవాడు?

వెలలో మరొక పద్దున్నది. ఆటగాడు పెద్ద లీగులో ఆరేళ్ల సర్వీసు పూర్తి చేస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, స్వేచ్ఛగా ఎక్కడికైనా పోవచ్చును. కనుక కొనేవాడు, ‘ఎంత బాగా విసురుతాడు?’ అని మాత్రమే కాదు, ‘ఎన్నాళ్లు మన దగ్గర వుంటాడు?’ అని కూడా అడుగుతాడు.

2024లో చికాగో ‘వైట్ సాక్స్’ 121 ఆటలు ఓడి అపకీర్తి మూటగట్టుకున్నారు. అందులో గారెట్ క్రోషే అనే ఎడమచేతి పిచ్చరు. గెలుపులు 6, ఓటములు 12. మోచేతి చికిత్స అయినవాడే. కాని 146 ఇన్నింగ్సులలో 209 స్ట్రైకౌట్లు, వయస్సు పాతికేళ్లు, స్వేచ్ఛకు ఇంకా రెండేళ్ల గడువు. ఆ డిసెంబరులో బోస్టన్ ‘రెడ్ సాక్స్’ అతని కోసం నలుగురు చేతికందివచ్చే కుర్రవాళ్లను యిచ్చారు. 2025లో క్రోషే 18 ఆటలు నెగ్గి 5 మాత్రమే ఓడాడు. 1964లో ఐతే అతని ఆరు గెలుపులు చూసి ఎవరూ తలెత్తి చూసేవారు కారేమో!

ఇద్దరూ గెలిచిన బేరం

ప్రతి బేరంలోనూ ఒకరు మోసపోవాలని లేదు. 1987 ఆగస్టులో డెట్రాయిట్ ‘టైగర్స్’ గెలుపు గుమ్మంలో వున్నారు; పిచ్చరు ఒక్కడు తక్కువ. 36 ఏళ్ల డోయల్ అలెగ్జాండర్‌ను అట్లాంటా నుంచి తెచ్చుకుని, చిన్న లీగులో 4 నెగ్గి 10 ఓడిన ఇరవై ఏళ్ల జాన్ స్మోల్ట్జ్‌ను యిచ్చారు. అలెగ్జాండర్ ఆ ఏడు రెగ్యులర్ సీజనులో డెట్రాయిట్ తరఫున 9 ఆటలు నెగ్గాడు, ఒక్కటీ ఓడలేదు. డెట్రాయిట్ తన విభాగంలో మొదట నిలిచింది. స్మోల్ట్జ్ అట్లాంటాలో 210 ఆటలు నెగ్గి, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు. లోకం డెట్రాయిట్‌ను చూసి నవ్వుతుంది. కాని పెళ్లివారు వాకిట్లో వుండగా బియ్యం అరువు తెచ్చుకున్న యిల్లాలిని తప్పుపట్టగలమా? అట్లాంటాకు రేపు కావాలి, డెట్రాయిట్‌కు ఈ పూట కావాలి. ఎవరి అవసరం వారిది.

లెక్కకు అందనిది

ఇంత లెక్క వేశాక ఒక మాట మిగిలిపోతున్నది. ఈ తూకంలో వున్నది వడ్లు కాదు, మనిషి. 1964 కార్డినల్స్ జట్టులో బ్రాక్ పక్కనే మైదానంలో నిలిచిన కర్ట్ ఫ్లడ్‌ను 1969లో ఫిలడెల్ఫియాకు మార్పిడి చేశారు. అతడు పోనన్నాడు. కొని అమ్ముకోవడానికి నేను సరుకును కానని, కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. ఆట కూడా పోగొట్టుకున్నాడు. కాని 1975 డిసెంబరులో ఒక మధ్యవర్తి తీర్పుతో ఆటగాళ్లకు ఆ స్వేచ్ఛ వచ్చింది. ఈనాడు బేరగాళ్లు వేళ్లు మడిచి లెక్కపెట్టే ఆ ‘ఎన్నేళ్లు’ అనే పద్దుకు మూలం అదే.

బ్రోలియో, బ్రాక్‌ల సంగతి అడుగుతారేమో. వారి పేర్లు చెడ్డ బేరానికి సామెతగా మిగిలాయిగాని, వారిద్దరు మాత్రం స్నేహితులుగానే వున్నారు. 2019లో బ్రోలియో, 2020లో బ్రాక్ కన్నుమూశారు. చెయ్యి నొప్పిని దిగమింగుకుని బంతి విసరడం బ్రోలియో చేసిన నేరం కాదు. ఆ నొప్పిని అడిగి తెలుసుకోకుండా వెల కట్టడమే కొన్నవారు చేసిన పొరపాటు.