మీకు తెలుసా? వార్డులో పనిచేసిన మందు ఐసీయూలో పనిచేయలేదు

రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్‌ను పూర్తి మోతాదులో ఇచ్చినప్పుడు కరోనా వార్డుల్లో ఉన్నవారికి మేలు జరిగింది. అప్పటికే ఐసీయూకు చేరినవారికి మాత్రం జరగలేదు. మందు ఒకటే, రోగమూ ఒకటే!

పలు దేశాల ఆసుపత్రుల్లో మూడు పరిశోధక బృందాలు కలిసి చేసిన పరీక్షల్లో ఈ సంగతి తేలింది; వాటి ఫలితాలు 2021 ఆగస్టులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. పరిస్థితి విషమించని 2,200 మందికి పైగా రోగుల్లో, వెంటిలేటర్ లాంటి ఆసరా అక్కర్లేకుండా కోలుకుని డిశ్చార్జి అయినవారు పూర్తి మోతాదు పొందిన వర్గంలో 80.2 శాతం, మామూలు చికిత్స పొందిన వర్గంలో 76.4 శాతం. తేడా చిన్నదే. తీవ్ర రక్తస్రావం మాత్రం 0.9 శాతం నుంచి 1.9 శాతానికి పెరిగింది. అందుకే డాక్టరు చెప్పకుండా ముట్టుకోకూడని మందు ఇది. ఐసీయూ రోగులపై పరీక్షనైతే ప్రయోజనం కనిపించక 2020 డిసెంబరులోనే ఆపేశారు.

అన్నట్టు, ఇప్పటికీ ఆసుపత్రుల్లో వాడే హెపారిన్‌లో అధిక భాగం పంది పేగుల లోపలి పొర నుంచి తీసినదే.