బిట్టుకు అందని పద్యం

"పాతికేళ్లు పాఠం చెప్పినవాళ్లకు మళ్లీ పరీక్షా?" అని కొందరు. "రాస్తే తప్పేముంది, ఆ వంకనైనా నాలుగు పుస్తకాలు తిరగేస్తారుగా" అని ఇంకొందరు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన దగ్గర్నుంచి బెజవాడలో టీచర్లు కలిసిన చోటల్లా ఇదే వాదన. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు చెబుతూ, సర్వీసు ఐదేళ్లకు మించి మిగిలినవారు రెండేళ్లలో టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) పాసవ్వాలన్నది ఆ తీర్పు. రెండు పక్షాలూ పరీక్షను కొలబద్దగానే చూస్తున్నాయి. థర్మామీటరు పెట్టినంత మాత్రాన జ్వరం పెరగదు, తగ్గదు. పరీక్ష అలా ఊరుకోదు. టీచరు ఏం చదవాలో, ఏం వదిలేయాలో కూడా అదే తేలుస్తుంది.

మన కాలువలనే చూడండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ నిండుగా ఉన్నా, తలుపులు ఎంత ఎత్తారన్నదాన్ని బట్టే నాగాయలంక శివారు పొలం తడిసేదీ ఎండేదీ. బడి, దిద్దుబాట్లు, ఫోన్లో యాప్‌ల పని పోగా టీచరుకు మిగిలే సాయంత్రపు గంటే ఆ నీరు. టెట్‌లో 150 ప్రశ్నలు, 150 మార్కులు. భాషకు 30 ఉంటే అందులో 24 విషయానికి, 6 బోధన పద్ధతికి. అన్నీ నాలుగు జవాబుల బిట్లే. ఇక ఆ గంట బిట్ బ్యాంకుకే పారుతుంది. పిల్లల చేత మాట్లాడించడం, చదివించడం, సొంతంగా రాయించడం శివారు ఆయకట్టు. పై మళ్లు నిండాక మిగిలితేనే అక్కడికి చుక్క.

ఉత్పలమాలలో యతి ఎన్నో అక్షరం? పదోది. మంచి బిట్టు, అరనిమిషం పని. అదే ఉత్పలమాలను ఏడో తరగతి పిల్లాడి నోటికి ఎక్కించాలంటే? పాదం చివర ఆగితే చాలాసార్లు మాట మధ్యలో విరుగుతుంది, ఎందుకంటే మన కవులు మాటను పాదం దాటించి కింది పాదంలోకి లాక్కుపోతారు. అర్థం కోసం మాట దగ్గర ఆగితే నడక తప్పుతుంది. ముందు నడక చూపించి, తర్వాత పదాలు విడదీసి, ఆపైన రెండూ కలిపి చదవాలి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో టీచరు గొంతే చూపించాలి. నాకు ప్రాణంతో సమానమైన ఈ విద్యను కంప్యూటర్ తెర మీద నాలుగు జవాబులు పట్టుకోలేవు. వెనక బెంచీలో కూర్చుని వినే మనిషి కావాలి.

శ్రీలంకలో పిల్లల ఇంగ్లిష్ పరీక్షను మార్చినప్పుడు బోధన ఏమైందో వాల్, ఆల్డర్సన్ అనే పరిశోధకులు తరగతుల్లో కూర్చుని చూసి 1993లో రాశారు. చెప్పే విషయం మారింది, చెప్పే తీరు పెద్దగా మారలేదు. హాంకాంగ్‌లో 2001 నుంచి ఇంగ్లిష్, మాండరిన్ టీచర్లకు పెట్టిన పరీక్షలో మాట్లాడటం ఉంది, పరీక్షకులు తరగతికి వచ్చి పాఠం వినడమూ ఉంది. దాన్ని వ్యతిరేకిస్తూ అక్కడి టీచర్లు వీధుల్లోకి వచ్చారు. పరీక్షకు బదులు గుర్తింపు పొందిన శిక్షణ పూర్తిచేసే దారి కూడా వారికి తెరిచారు.

అలా పాఠం వినడానికి మనకూ చోటు లేకపోలేదు. అంగలూరులో టీచర్ల శిక్షణ సంస్థ డైట్ ఉంది, స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలున్నాయి. అక్కడ ఒకరు పద్యం చెబితే పదిమంది తోటి తెలుగు టీచర్లు విని, ఏది బాగుందో, ఎక్కడ ఊపిరి తప్పిందో రాసివ్వాలి. ఆ కాగితానికి టెట్‌లో ఓ పదిహేను మార్కులు కేటాయించమని అడుగుతున్నాను.